అలంకారాన్ని గుర్తుపట్టడం, సమన్వయం రాయడం: దశలవారీగా

లక్షణం చెప్పమంటే తడుముకోకుండా అప్పజెప్పే విద్యార్థి, ఎప్పుడూ చూడని వాక్యం ఇచ్చి ఇందులో అలంకారం ఏదని అడిగితే తెల్లముఖం వేస్తాడు. "నిర్వచనాలన్నీ వచ్చు. కానీ ఉపమకీ ఉత్ప్రేక్షకీ తేడా దగ్గర టెన్షన్ వచ్చేస్తుంది." ఈ మాట పిల్లలూ అన్నారు, వాళ్ళకు ఇంట్లో చదువు చెప్పే పెద్దలూ అన్నారు. వాక్యాన్ని ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న అడగాలో తెలిస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. ఆ వరుసనే ఇక్కడ రాస్తున్నాను.

ఉదాహరణలన్నీ దీనికోసం కొత్తగా కట్టినవే. పాఠ్యపుస్తకంలో వాక్యాల జవాబులు మీకు ముందే తెలుసు కాబట్టి వాటితో గుర్తుపట్టే సాధన కుదరదు.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ఒక నోటుపుస్తకం, పెన్సిలు. వాక్యం కింద గీతలు గీయకుండా కళ్ళతో చూసి తేల్చే అలవాటు మానండి.
- ప్రతి పేజీలో మూడు నిలువు గడులు: వాక్యం, అలంకారం, "ఎందుకు". మూడో గడి ఖాళీగా ఉంటే మొదటి రెండూ నింపినా లాభం లేదు.
- పర్యాయపదాలు వెతుక్కోవడానికి ఒక నిఘంటువు. దీని అవసరం వెంటనే వస్తుంది.

మొదటిసారి చదివేటప్పుడు అలంకారం గురించి ఆలోచించకండి. వాక్యం ఏం చెబుతోందో మామూలు మాటల్లో ఒక ముక్క రాసుకోండి. అర్థం కాని పద్యంలో అలంకారం వెతకడం చీకట్లో సూది వెతకడమే.

## 2. మొదటి ప్రశ్న: అందం మాటలోనా, భావంలోనా?

అలంకారాలు రెండు రకాలు. శబ్దం వల్ల అందం వస్తే శబ్దాలంకారం, అర్థం వల్ల వస్తే అర్థాలంకారం. ఇది అందరికీ తెలుసు. తేల్చుకోవడానికి పనికొచ్చే పరీక్ష మాత్రం చాలామందికి తెలియదు: పదాలు తీసేసి వాటి పర్యాయపదాలు పెట్టి చూడండి. అందం పోతే శబ్దాలంకారం. నిలిస్తే అర్థాలంకారం.

"చల్లని చిరుగాలికి చివురులు చలించి చిందులు వేశాయి."

దీన్ని "శీతల పవనానికి లేత ఆకులు కదిలి నాట్యమాడాయి" అని మార్చండి. భావం అదే, కానీ చెవికి ఇంపుగా తగిలిన "చ" మాయమైంది. కాబట్టి అక్కడి అందం శబ్దానిది.

ఇప్పుడు "చీకటి నల్లని దుప్పటిలా ఊరిని కప్పింది" అనే వాక్యాన్ని "తిమిరం కారు కంబళిలా గ్రామాన్ని కప్పింది" అని మార్చండి. మాటలు మారినా పోలిక చెక్కుచెదరలేదు. ఇది అర్థాలంకారం.

ఒక సంగతి గమనించారా? మొదటి వాక్యంలో మాటలు మార్చాక కూడా ఆకులు నాట్యమాడడమనే ఊహ మిగిలింది. అది భావానికి సంబంధించిన వేరే అందం. ఒకే వాక్యంలో రెండు రకాలూ ఉండొచ్చు. ఒకటి దొరకగానే ఆగిపోకండి.

## 3. శబ్దాలంకారమైతే లెక్కపెట్టండి

ఇక్కడ ఊహకు పని లేదు. మళ్ళీ మళ్ళీ వచ్చినదాని కింద గీత గీసి, ఈ వరుసలో అడగండి.

ఒక్క హల్లే చాలాసార్లు వచ్చిందా? వృత్త్యనుప్రాస. పై వాక్యంలో "చ" ఆరుసార్లు వచ్చింది. దాని మీద అచ్చు మారినా (చ, చి) లెక్కలోకి వస్తుంది.

హల్లుల జంట ఎడం లేకుండా, అర్థభేదంతో వచ్చిందా? ఛేకానుప్రాస. "సాగర గరళం" అన్నప్పుడు "గర" వెంటనే మళ్ళీ వినిపిస్తుంది. ఒకటి సాగరంలో ముక్క, ఇంకోటి గరళంలో ముక్క.

అక్షరాల గుంపు ఎడంగా వచ్చి, వేరే అర్థం ఇచ్చిందా? యమకం. "ఆ వల వేసి ఆవల నిలిచాడు." మొదటిది చేపల వల, రెండోది అవతలి వైపు.

అదే పదం, అదే అర్థం, కానీ తాత్పర్యం మారిందా? లాటానుప్రాస. "నిలబెట్టుకున్న మాటే మాట." రెండు చోట్లా మాట అంటే మాటే. రెండోది మాత్రం "విలువైన మాట" అనే ఉద్దేశంతో వచ్చింది.

ఇక పాదాల్లో ఏ చోట వచ్చిందో చూడాల్సినవి రెండు ఉన్నాయి. ఈ మూడు పాదాలు చూడండి:

వెలుగు వెతుకుతూ సాగె బాట
బాట చివర దొరికె పాట
పాట నిలిచె ప్రతి నోట

ఒక పాదం చివర విడిచిన పదాన్నే తర్వాతి పాదం అందుకుంది. అది ముక్తపదగ్రస్తం. మూడు పాదాలూ "ట"తో ముగిశాయి. అది అంత్యానుప్రాస. రెండూ రాయాలి.

ఎక్కువమంది చేసే తప్పు: పాదాల చివర ఒకే అక్షరం కనిపించగానే "ప్రాస కుదిరింది" అని రాస్తారు. వాడుకలో అలాగే అంటాం కానీ, ఛందస్సులో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. పై పాదాల్లో రెండో అక్షరాలు లు, ట, ట. అంటే మూడింటికీ కలిసే ప్రాస ఇక్కడ లేదు, అంత్యానుప్రాస ఉంది. జవాబులో ఈ రెండు మాటల్నీ కలిపేయకండి.

## 4. అర్థాలంకారమైతే: పోలిక ఉందా?

ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. అందుకే ఇక్కడ కాసేపు నిలబడదాం.

పోలిక ఉంటే ముందు నాలుగు ముక్కలు విడదీయాలి.

- ఉపమేయం: దేని గురించి చెబుతున్నారో అది
- ఉపమానం: దేనితో పోల్చారో అది
- సమానధర్మం: రెండింటికీ ఉన్న ఒకే గుణం లేదా పని
- ఉపమావాచకం: వలె, లాగా, వంటి, పోలు, రీతి లాంటి మాట

"చీకటి నల్లని దుప్పటిలా ఊరిని కప్పింది": చీకటి ఉపమేయం, దుప్పటి ఉపమానం, నల్లగా ఉండి కప్పడం సమానధర్మం, "లా" ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి ఇది పూర్ణోపమ. ఒక్కటి లోపించినా లుప్తోపమ.

ఈ చీకటినే తీసుకుని వాక్యాన్ని కొంచెం కొంచెం మారుద్దాం. అలంకారం ఎక్కడ మారుతుందో చూడండి.

"చీకటి దుప్పటి ఊరిని కప్పింది." "లా" పోయింది. చీకటి దుప్పటి లాంటిది కాదు, దుప్పటే. రెండింటికీ భేదం ఉన్నా లేనట్టు చెప్పారు. ఇది రూపకం.

"ఎవరో ఊరంతటికీ నల్లని దుప్పటి కప్పారా అన్నట్లు చీకటి కమ్మింది." దుప్పటి ఉన్నదే. ఊరంతటికీ దుప్పటి కప్పడం మాత్రం జరగలేదు, కవి ఊహించాడు. ఇది ఉత్ప్రేక్ష.

"చేతిలో వెలుగుతున్న దీపం కూడా కనబడనంత చీకటి." పోలిక లేదు. ఉన్నదాన్ని హద్దు దాటించి చెప్పారు. అతిశయోక్తి.

"దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. గూళ్ళలో పక్షులు రెక్కలు ముడుచుకున్నాయి. కుక్క రెండుసార్లు మొరిగి, ముందుకాళ్ళ మీద తల పెట్టుకుంది." పోలిక లేదు, ఊహ లేదు, అతి లేదు. ఉన్నది ఉన్నట్టు కంటికి కట్టేలా చెప్పారు. స్వభావోక్తి. దీన్ని చూసి "ఇందులో ఏ అలంకారమూ లేదు" అని వదిలేసే విద్యార్థులను చూస్తే బాధేస్తుంది. కుక్క తల పెట్టుకున్న తీరును అంత శ్రద్ధగా చూసి రాయడం పోలిక కట్టడం కంటే కష్టమైన పని.

### ఉపమా, ఉత్ప్రేక్షా అనే సందేహం వస్తే

వాచకం దేనికి అతుక్కుందో చూడండి. "చినుకులు ముత్యాల్లా రాలాయి": "లా" ఒక వస్తువుకు అతుక్కుంది, ఆ వస్తువు లోకంలో ఉన్నదే. ఉపమ. "ఆకాశం మెడలో హారం తెగిందేమో అన్నట్లు చినుకులు రాలాయి": జరగని ఒక సంఘటన మీద "ఏమో అన్నట్లు" వచ్చింది. ఉత్ప్రేక్ష.

### సూచక పదాలను గుడ్డిగా నమ్మకండి

- "వాన వస్తుందేమో" అంటే మామూలు సందేహం. "ఏమో" ఉన్నంత మాత్రాన ఉత్ప్రేక్ష కాదు.
- "నువ్వు మీ అన్నలా పొడుగ్గా ఉన్నావు" అంటే సమాచారం. పోలికలో మనసుకు తగిలే అందం ఉంటేనే ఉపమ.
- "ఇలా", "అలా", "ఎలా"ల్లో ఉన్నది ఉపమావాచకం కాదు.

## 5. పోలిక సమాసంలో దాక్కుంటే

"కలువకనులు", "జ్ఞానజ్యోతి" లాంటివి వచ్చినప్పుడు విగ్రహవాక్యం, అంటే సమాసాన్ని విడదీసి అర్థం చెప్పే మాట, రాయండి. మధ్యలో "వంటి" వస్తే ఉపమ, "అనెడి" వస్తే రూపకం. కలువల వంటి కనులు: ఉపమ. జ్ఞానమనెడి జ్యోతి: రూపకం.

కొన్ని రెండు విధాలా విడిపోతాయి. ముఖపద్మం అంటే పద్మం వంటి ముఖమా, ముఖమనెడి పద్మమా? సమాసాన్ని ఎంతసేపు చూసినా తేలదు. క్రియను అడగండి.

"ముఖపద్మం వికసించింది." వికసించడం పద్మం పని. వాక్యం పద్మం వైపు మొగ్గింది కాబట్టి రూపకం.

"తల్లి బిడ్డ ముఖపద్మాన్ని ముద్దాడింది." ముద్దాడేది ముఖాన్ని. వాక్యం ముఖం వైపు ఉంది కాబట్టి ఉపమ.

ఈ ఒక్క పరీక్ష చేతికొస్తే చాలా తగాదాలు తీరిపోతాయి. జవాబులో కూడా ఆ క్రియను చూపించండి. దిద్దేవారికి మీరు ఆలోచించినట్టు తెలుస్తుంది.

## 6. పక్కపక్కన రెండు వాక్యాలుంటే

పోలిక పదం లేదు, కానీ రెండు విషయాలు జంటగా ఉన్నాయి. అప్పుడు రెండో వాక్యాన్ని పరీక్షించాలి.

అది అందరికీ వర్తించే సాధారణ సత్యమా? "మూడుసార్లు ఓడిన కుర్రాడు నాలుగోసారి గెలిచాడు. పట్టుదల ఉన్నవారికి అసాధ్యం లేదు కదా!" ఒక విశేష విషయాన్ని సామాన్య వాక్యంతో సమర్థించారు. అర్థాంతరన్యాసం. సామాన్యాన్ని విశేషంతో సమర్థించినా అదే.

అది మొదటి వాక్యానికి అద్దంలో బొమ్మలా ఉందా? "గురువు మాటతో సందేహాలు తొలగాయి. సూర్యుడి రాకతో మంచు కరిగింది." పెన్సిలుతో గీతలు కలపండి: గురువు–సూర్యుడు, సందేహాలు–మంచు, తొలగడం–కరగడం. ముక్కకు ముక్క జత కుదిరింది. బింబ ప్రతిబింబ భావం, అంటే దృష్టాంతం. గీతలు కుదరకపోతే దృష్టాంతం అని రాయొద్దు.

శ్లేష సంగతి తేలిక. ఒకే వాక్యం రెండు అర్థాలతో పూర్తిగా నడవాలి. "రాజు తన కరములతో లోకాన్ని చల్లబరిచాడు": పరిపాలించే రాజు చేతులతో, లేదా చంద్రుడు కిరణాలతో. రెండు అర్థాలూ రాయకపోతే జవాబు సగమే.

## 7. కథలు, వచన కవితల దగ్గర పనికొచ్చే మాటలు

ఇక్కడ పెద్ద జాబితా ఇవ్వను. తరచూ తారుమారయ్యేవి మాత్రమే.

వస్తువు, శిల్పం. ఏం చెప్పారన్నది వస్తువు, ఎలా చెప్పారన్నది శిల్పం. "ఈ కథ శిల్పం ఒంటరితనం" అని రాస్తే రెండూ కలిసిపోయినట్టే.

ఉత్తమ పురుష, ప్రథమ పురుష. "నేను" అంటూ సాగే కథ ఉత్తమ పురుషలో ఉన్నట్టు. "అతను", "ఆమె" అంటూ సాగితే ప్రథమ పురుష. ఇంగ్లీషు పాఠంలో విన్న "ఫస్ట్ పర్సన్"ను మాటకు మాట మార్చి ప్రథమ పురుష అనుకునేవాళ్ళు చాలామంది. తెలుగు వ్యాకరణంలో లెక్క దానికి తిరగేసి ఉంటుంది.

కథకుడు, రచయిత. కథలో "నేను" అబద్ధాలకోరు కావచ్చు, చిన్నపిల్ల కావచ్చు. ఆ "నేను"ను రచయిత అనుకుని జవాబు రాయకండి.

రూపకం, ప్రతీక. రూపకంలో రెండు వస్తువులూ వాక్యంలో కనిపిస్తాయి. ప్రతీకలో ఒక్కటే కనిపిస్తుంది. ఇంట్లో ఆగిపోయిన గడియారం కథలో మూడు చోట్ల వచ్చిందనుకోండి, ఎవరూ దాన్ని బాగుచేయించలేదనుకోండి. ఆ ఇంట్లో మనుషులు గతంలోనే ఆగిపోయారని చెప్పడానికి అది ప్రతీక కావచ్చు. ఒక్కసారి వచ్చి వెళ్ళిన వస్తువును ప్రతీక అనే ముందు మళ్ళీ చదవండి.

వాచ్యార్థం, లక్ష్యార్థం, వ్యంగ్యార్థం. "ఊరంతా నవ్వింది" అంటే ఊరు నవ్వదు, జనం నవ్వారు. అది లక్ష్యార్థం. "పొద్దుపోయింది" అని తల్లి ఆడుకుంటున్న పిల్లలతో అంటే "ఇక ఇంటికి రండి" అని. చుట్టంతో అంటే "ఈ రాత్రికి ఇక్కడే ఉండిపో" అని. మాటలో లేకుండా స్ఫురించే ఆ అర్థమే వ్యంగ్యార్థం, దాన్నే ధ్వని అంటారు. ఈ "వ్యంగ్యం" వేరు, వార్తాపత్రిక కార్టూన్లలో ఎత్తిపొడుపుకు వాడే "వ్యంగ్యం" వేరు. ప్రశ్న ఏ అర్థంలో అడిగారో చూసుకోండి.

## 8. సమన్వయం రాయడం

జవాబుకు మూడు భాగాలు: అలంకారం పేరు, లక్షణం, సమన్వయం (ఆ లక్షణం ఇచ్చిన వాక్యానికి ఎలా సరిపోయిందో చూపడం). చాలామంది మొదటి రెండూ రాసి ఆగిపోతారు.

సరిపోని జవాబు: "ఇందులో ఉపమాలంకారం ఉంది. ఉపమానానికీ ఉపమేయానికీ పోలిక చెప్పడమే ఉపమ. ఇక్కడ చక్కగా పోల్చారు కాబట్టి ఉపమాలంకారం."

ఇది ఏ ఉపమ వాక్యానికైనా అతికించొచ్చు. అదే దీని లోపం. సరిచేస్తే:

"ఇందులో ఉపమాలంకారం ఉంది. ఉపమానానికీ ఉపమేయానికీ మనోహరమైన పోలిక చెప్పడం దీని లక్షణం. ఇక్కడ చీకటి ఉపమేయం, దుప్పటి ఉపమానం, నల్లగా ఉండి కప్పడం సమానధర్మం, 'లా' ఉపమావాచకం. నాలుగూ ఉన్నందున ఇది పూర్ణోపమ."

అలంకారం ఎందుకు వాడారని కూడా అడిగితే ఇంకో వాక్యం కలపండి: "దుప్పటితో పోల్చడం వల్ల ఆ చీకటి భయపెట్టదు, నిద్రపుచ్చేదిగా తోస్తుంది."

జవాబు ముగించే ముందు:

- వాక్యంలోని పదాలు నా సమన్వయంలో ఉన్నాయా?
- ఉపమేయం, ఉపమానం తారుమారు కాలేదు కదా? (అనుమానమొస్తే "వాక్యం దేని గురించి?" అని అడగండి.)
- రెండో అలంకారం ఏదైనా మిగిలిందా?
- ఉత్ప్రేక్ష, రూపకం అనే పేర్లలో వత్తులు, అక్షరాలు సరిగా ఉన్నాయా?

## 9. ఒక ముక్క మీద మొత్తం వరుస

"ఎండ కొరడా ఝుళిపించింది. నేల నోళ్ళు తెరిచింది. అతను ఆకాశం వైపు చూశాడు, ఖాళీ కాగితాన్ని చదువుతున్నట్లు."

మామూలు మాటల్లో: ఎండ మండింది, నేల బీటలు వారింది, అతను పైకి చూశాడు. పర్యాయపదాలు పెట్టినా అందం నిలుస్తుంది. అర్థాలంకారాలే.

మొదటి వాక్యం రెండు విధాలా చదవొచ్చు. ఎవరో ఎండ అనే కొరడాను ఝుళిపించారని చదివితే రూపకం. ఎండే మనిషిలా కొరడా పట్టిందని చదివితే మానవీకరణ. ఏది ఎంచుకున్నా కారణం రాస్తే తప్పు కాదు. నాకు రెండోదే నచ్చుతుంది, ఎందుకంటే తర్వాతి వాక్యంలో నేలకు కూడా మనిషి లక్షణమే వచ్చింది.

రెండో వాక్యంలో ఆగండి. బీటలను నోళ్ళతో పోల్చారు, కానీ "బీటలు" అనే మాటే లేదు. ఉపమానం ఉపమేయాన్ని మింగేసింది. దీన్ని రూపకాతిశయోక్తి అంటారు. పై తరగతుల్లో వస్తుంది, ఇప్పటినుంచే పరిచయం ఉంటే మంచిది.

మూడోదాంట్లో "అట్లు" క్రియకు అతుక్కుంది. అతని చేతిలో కాగితం లేదు, చదవడం జరగలేదు. ఉత్ప్రేక్ష.

చివరిగా, ఇందులో రాయనిది ఏమిటో అడగండి. "వాన" అన్న మాట ఎక్కడా లేదు. "ఆశ" అన్న మాటా లేదు. ఆకాశంలో ఒక్క మబ్బు కూడా లేదని "ఖాళీ" అన్న ఒక్క మాటే చెప్పేసింది. మూడో గడిలో రాయవలసిన ధ్వని అదే. ఇప్పుడు పై మూడు వాక్యాలు మూసేసి, గాలి గురించి మీరే ఒక వాక్యం రాయండి. దాన్ని ఉపమలో, రూపకంలో, ఉత్ప్రేక్షలో, స్వభావోక్తిలో తిరిగి రాయండి.